రెండు గ్రాఫిక్స్ కార్డులకు సరిపోయే పవర్ సప్లై ఏది?

ప్రశ్న: మాది విజయనగరం. తెలుగు మాటలను విని అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాముకు శిక్షణ ఇవ్వడానికి రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులతో కంప్యూటరు కూర్పించుకున్నాను. ఒక్క కార్డుకు 750 వాట్లు చాలంటున్నారు కాబట్టి రెండింటికీ 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరులోని పవర్ సప్లై) సరిపోతుందని కూర్చినవారు చెప్పారు. ఒక కార్డు పనిచేసినంతసేపూ ఇబ్బంది లేదు. రెండూ కలిసి పని మొదలుపెట్టగానే కంప్యూటరు ఒక్కసారిగా ఆగిపోతోంది. రెండో కార్డు చెడిపోయిందేమోనని భయంగా ఉంది. నా దగ్గర ఇంకొక పాత ఎస్‌ఎంపీఎస్ ఉంది, దానిని రెండో కార్డుకు తగిలించవచ్చా?

జవాబు: కార్డును అనుమానించే ముందు లెక్క చూడండి. ఒక్కో 3090 సాధారణంగా 350 వాట్లు తీసుకుంటుంది కాబట్టి కార్డులకే 700 వాట్లు కావాలి. ప్రాసెసరుకు 125, మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకు కలిపి మరో 75 వేసుకుంటే మొత్తం 900 అవుతుంది. అంటే మీ ఎస్‌ఎంపీఎస్ సగటు భారానికే చాలదు. ఒక్క కార్డుకు 750 వాట్లు అని కార్డు తయారీదారు చెప్పేది మొత్తం కంప్యూటరును దృష్టిలో పెట్టుకునే. దానికి వంద కలిపితే రెండో కార్డుకు సరిపోతుందన్న లెక్క మొదటే తప్పు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి స్పైక్‌లు, అంటే క్షణకాలం పాటు ఒక్కసారిగా పెరిగే విద్యుత్తు వాడకం. ఈ కార్డులు మిల్లీసెకను కన్నా తక్కువ కాలంపాటు తమ నిర్ణీత వాట్లకు ఒకటిన్నర రెట్లు కూడా దాటి విద్యుత్తును లాగగలవు. శిక్షణలో రెండు కార్డులూ ఒకేసారి లెక్క మొదలుపెడతాయి కాబట్టి రెండింటి స్పైక్‌లు ఒకే క్షణంలో పడే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ, తనను తాను కాపాడుకోవడానికి, సరఫరాను కట్ చేస్తుంది. తెరపై ఏ సందేశమూ లేకుండా ఆరిపోవడం, వెనుక స్విచ్చును ఒకసారి ఆపి, మళ్లీ వేస్తే గాని తిరిగి లేవకపోవడం దీని లక్షణాలు. నిర్ధారించుకోవడానికి, కార్డుల డ్రైవరుతో పాటు వచ్చే ఎన్విడియా-ఎస్‌ఎంఐ (nvidia-smi) ఆదేశంతో రెండు కార్డులకూ 200 వాట్ల పరిమితి పెట్టి కలిపి నడపండి. ఆగకుండా నడిస్తే కార్డులు బాగానే ఉన్నాయని దాదాపుగా నమ్మవచ్చు. ఈ పరిమితి సగటును తగ్గిస్తుందే తప్ప స్పైక్‌లను పూర్తిగా ఆపదు, పైగా కంప్యూటరును మళ్లీ ఆన్ చేసినప్పుడు తొలగిపోతుంది. కాబట్టి శాశ్వత పరిష్కారంగా దీన్నే నమ్ముకోవద్దు.

కొనేటప్పుడు 1200 వాట్లకు తగ్గవద్దని నా సలహా. మూడో కార్డు ఆలోచన ఉంటే 1600 తీసుకోండి. అయితే పెట్టె మీది అంకె కన్నా పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల గడిని చూడండి. 1200 వాట్ల మంచి సప్లైలో అక్కడ దాదాపు 100 ఆంపియర్లు ఉంటాయి. పెట్టె మీది గోల్డ్, ప్లాటినం ముద్రలు సప్లై విద్యుత్తును ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతాయి, నాణ్యతకు పూర్తి హామీ కావు. ఆ ముద్రల కోసం చేసే పరీక్షలు సుమారు 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి. మన వేసవిలో మూసి ఉన్న గదిలో వేడి వేరే. పూర్తి వాట్లను 40 లేదా 50 డిగ్రీల దగ్గర ఇవ్వగలనని తయారీదారు రాసి ఉన్నదానినే ఎంచుకోండి. పవర్ సప్లైల కోసం ఇంటెల్ 2022లో విడుదల చేసిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం తయారైనవి నిర్ణీత వాట్లకు రెండు రెట్ల స్పైక్‌ను 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. మీ అవసరానికి ఇదే అన్నిటికన్నా విలువైన గుణం.

కేబుళ్ల దగ్గర జాగ్రత్త. ఎనిమిది పిన్నుల కనెక్టరు 150 వాట్లకు ఉద్దేశించింది. ఒకే కేబులు చివర రెండు కనెక్టర్లు ఉన్నా, కార్డులోని ఒక్కో సాకెట్టుకు సప్లై నుంచి విడిగా ఒక్కో కేబులు ఇవ్వండి. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లను ఎంతమాత్రం వాడవద్దు. సప్లై వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది, పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, కార్డో డిస్కో కాలిపోతుంది.

పాత ఎస్‌ఎంపీఎస్‌ను జత చేయడం సాధ్యమే గాని నేను వద్దంటాను. రెండూ ఒకేసారి ఆన్ కావాలి, కార్డు కొంత విద్యుత్తును మదర్‌బోర్డు స్లాటు నుంచి, మిగతాది రెండో సప్లై నుంచి తీసుకుంటుంది. ఒకటి ఆగి ఇంకొకటి నడిస్తే నష్టం మీ కార్డుకే.

ఇంటి వైరింగును కూడా చూపించండి. 900 వాట్ల భారానికి గోడ నుంచి సుమారు 1000 వాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది 4.3 ఆంపియర్లే. సాయంత్రం వోల్టేజి 170కి పడిపోతే 5.9 అవుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టుకు అదే హద్దు. అందుకే 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు తప్పనిసరి.

ప్రశ్న: మాది సోంపేట. ఇలాంటి కంప్యూటరును ఇంట్లోని ఇన్వర్టరుపై నడపవచ్చా?

జవాబు: ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకమై (గోడ కరెంటు లాంటి నునుపైన అలను ఇచ్చేదై), దాని సామర్థ్యం వాట్లలో మీ భారానికి మించి ఉంటే, యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే వేగంగా బ్యాటరీకి మారే అమరికలో) పెట్టి నడపవచ్చు. దుకాణాల్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి, రెండు కార్డులకు పనికిరావు. కరెంటు పోయిన క్షణం నుంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్ల బలంతో నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే. ఇన్వర్టరు అంతలోపే అందుకోవాలి, మామూలు మోడ్‌లో చాలా ఇన్వర్టర్లకు అది కుదరదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను హెచ్చరిక ఉన్న రోజున మాత్రం స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గును గోడ నుంచి తీసివేయండి. లైన్లు సరిచేసి కరెంటు ఇచ్చాక కూడా వోల్టేజి నిలకడగా ఉందని చూసుకున్న తర్వాతే తిరిగి తగిలించండి.