ఐసోనియాజిడ్ సంగతి కూడా అడుగు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి,

గుణుపురంలో టీబీ పనిలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఆ పనిలోనే రిటైరైనవాణ్ని కాబట్టి ఒక్క మాట రాస్తున్నాను.

కళ్లెని చూసే ట్రూనాట్ పరీక్షలో, టీబీకి ముఖ్యమైన మందు 'రిఫాంపిసిన్ పనిచేస్తుంది' అని రాగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు. నువ్వు అక్కడ ఆగకు. ఆ రిపోర్ట్ ఇంకో ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్ గురించి ఏమీ చెప్పదు. క్రిమి ఏ మందుకి లొంగదో దాని జన్యువుల్లో చూసే లైన్ ప్రోబ్ పరీక్షకి కళ్లె వెళ్లిందా, రిపోర్ట్ వచ్చిందా అని వెంటపడి కనుక్కో.

ఎందుకంటే, మింగినప్పుడు ఐసోనియాజిడ్ ఇంకా మందు కాదు. ఉత్త ఆకూ వక్కా నమిలితే నోరు పండదు కదా, సున్నం తగలాలి. ఇక్కడ ఆ సున్నం పూసేది టీబీ క్రిమే! దానిలోని క్యాట్‌జీ అనే ఎంజైమ్ మాత్రని అసలు మందుగా మారుస్తుంది. ఆ మందు ఐఎన్‌హెచ్‌ఏ అనే ఇంకో ఎంజైమ్‌ని పట్టుకుని, క్రిమి తన మైనపు గోడ కట్టుకోకుండా ఆపుతుంది. క్యాట్‌జీలో 315వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మాత్ర మాత్రగానే ఉండిపోతుంది. క్రిమిని కాపాడే పని మాత్రం ఆ ఎంజైమ్ చాలావరకు చేస్తూనే ఉంటుంది. దొంగ తెలివంటే అదీ! పైరజినమైడ్ అనే ఇంకో టీబీ మందుదీ ఇదే కథ, అక్కడి ఎంజైమ్ పైరజినమిడేజ్. రిఫాంపిసిన్‌కి ఈ బాధ లేదు, నేరుగా వెళ్లి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ని పట్టుకుంటుంది. అది మారితేనే చిక్కు.

"మాత్రలకి ఒళ్లు అలవాటు పడిపోయింది బాబూ" అంటారు పేషెంట్లు. మారింది క్రిమి, ఒళ్లు కాదని ఓపిగ్గా చెప్పు. దాదాపు పది లక్షల క్రిముల్లో ఒకటి ముందే ఐసోనియాజిడ్‌కి లొంగనిదై ఉంటుంది. అందుకే నాలుగు మందులు కలిపి ఇస్తాం. దగ్గు తగ్గిందని మానేసి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ మానేస్తే ఆ మొండివే మిగిలి పెరుగుతాయి. ఒక్క మాత్రా మింగని మనిషికి కూడా అవి ఇంట్లోవాళ్ల నుంచి అంటుకోవచ్చు. అందుకని ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా మందులు వాడారేమో అడగడం మరవకు. సవర భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటే ఇంకా మంచిది.

రిపోర్టులో క్యాట్‌జీ మార్పు ఉంటే ఐసోనియాజిడ్ మీద ఆశ దాదాపు లేనట్టే. ఐఎన్‌హెచ్‌ఏ మార్పు ఒక్కటే ఉంటే డోసు పెంచితే పనిచేయొచ్చు, కానీ ఇథియోనమైడ్ అనే ఇంకో టీబీ మందు దెబ్బతింటుంది. ఏది ఇవ్వాలన్నది డాక్టరుగారు చూసుకుంటారు. ఆ కాగితం ఆలస్యం కాకుండా ఆయన బల్ల మీదకి చేర్చడం నీ పని.

ఆంధ్రలో పార్వతీపురమో, విశాఖో పనికి పోతామనేవాళ్ల నిక్షయ్ నంబరు (టీబీ పేషెంట్ల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులోది) కాగితం మీద రాసి చేతికివ్వు. వాళ్లు వెళ్లేలోపే అక్కడికి ట్రాన్స్‌ఫర్ పెట్టెయ్. రాష్ట్రం మారినా ఆ నంబరు మీదే మాత్రలు ఇస్తారు.

మీ మావయ్య