డావెన్‌పోర్ట్ మోటారు మళ్లీ చేసి, దాని గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

థామస్ డావెన్‌పోర్ట్ మోటారుకు నువ్వు చేసిన నమూనా గురించి రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, బ్రాండన్ దగ్గర కమ్మరి పని చేసుకుంటూ బతికిన ఒక మనిషి 1834లో తిప్పి చూపిన యంత్రాన్ని నీ చేతులతో మళ్లీ తయారుచేసి నడిపించావు. అందుకు మనసారా అభినందిస్తున్నాను. అయితే ఆ పనిలో నీకు తెలిసివచ్చిన దానిలో సగం కూడా కాగితం మీదికి రాలేదనిపించింది. అది ఎక్కడెక్కడ ఆగిపోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

"తీగ చుట్టి, బ్యాటరీకి కలిపి, కొన్ని సర్దుబాట్లు చేశాక మోటారు తిరిగింది" అని రాశావు. వ్యాసానికి ప్రాణమైన విషయమంతా ఆ 'కొన్ని సర్దుబాట్లు' అన్న మాటల కింద ఉండిపోయింది. షాఫ్టుకు బిగించిన రాగి రేకు ముక్కలు, వాటిని ఒరుసుకుంటూ నిలిచే రెండు తీగలు, ఇదే గదా ప్రవాహం దిశను మార్చే నీ కామ్యుటేటర్! తిరిగే ధ్రువం కదలని అయస్కాంత ధ్రువానికి సరిగ్గా ఎదురుపడిన క్షణంలోనే అక్కడ ప్రవాహం దిశ మారాలి. రేకుల మధ్య సందు ముందుగా వస్తే, దగ్గరికి చేరుతున్న ధ్రువాన్ని ఆ అయస్కాంతమే వెనక్కి నెట్టేస్తుంది. ఆలస్యంగా వస్తే, దాటిపోవలసిన ధ్రువం అక్కడే పట్టుబడి ఊగి ఊగి ఆగిపోతుంది. నీ చక్రం ఆగినప్పుడు ఈ రెంటిలో ఏది జరిగింది? దాన్ని నువ్వు ఏ ఆనవాలుతో పట్టుకున్నావు? రేకు ఏ అంచున నిప్పురవ్వ లేచింది, ఏ అంచు నల్లబడింది, ఏ వైపుకు ఎంత జరిపితే చక్రం సాఫీగా తిరిగింది? ఇవన్నీ వరసగా రాస్తే ఎప్పుడూ మోటారు విప్పి చూడని పాఠకుడికి కూడా అది ఎందుకు తిరుగుతుందో అర్థమవుతుంది. బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టినంత మాత్రాన ఆ పని జరగదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. పాత యంత్రాన్ని మళ్లీ చేసేటప్పుడు నేటి వస్తువు వాడిన ప్రతిచోటా ఆనాటి వాడి కష్టం ఒకటి కనబడకుండా పోతుంది. నేటి వస్తువు వాడడం తప్పు కాదు కాని, వాడిన చోటు చెప్పకుండా దాటిపోవడం మాత్రం తప్పే. మోటారు వైండింగ్ షాపులో దొరికే, విద్యుత్తును పక్క చుట్టుకు పోనివ్వని పూత ఉన్న ఎనామిల్ తీగ తెచ్చి చుట్టావు. చుట్టు పక్కన చుట్టు ఆనించి, పొర మీద పొర వేశావు. ఆ సౌకర్యం ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ చూపిన విద్యుదయస్కాంతంలో తీగకు తొడుగు లేదు. ఇనుముకు వార్నిష్ పూసి, వట్టి రాగి తీగను ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగలకుండా ఎడంగా 18 చుట్లు మాత్రమే చుట్టాడు. సుమారు 200 గ్రాముల ఆ ఇనుప ముక్క దాదాపు 4 కిలోల బరువు ఎత్తింది. అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు తొడిగి, పొరలు పొరలుగా చుట్టడంతో విద్యుదయస్కాంతాల బలం అమాంతం పెరిగింది. అలాంటి అయస్కాంతం ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని క్రౌన్ పాయింట్‌లో ఇనుప ఖనిజాన్ని వేరుచేయడానికి వాడుతుంటే 1833లో డావెన్‌పోర్ట్ చూశాడు, కొన్నాడు, ఇంటికి తెచ్చి విప్పాడు. ఆయన ఒక్కొక్క చుట్టూ విప్పుతుంటే భార్య ఎమిలీ ఆ వరసంతా రాసుకుందని, తరువాత తన పెళ్లి నాటి పట్టు గౌనును పేలికలుగా కోసి తీగకు చుట్టడానికి ఇచ్చిందని చెబుతారు. గౌను సంగతి రాసేటప్పుడు ఈ 'చెబుతారు' అన్న మాటను వదలవద్దు. అంతకంటే ముఖ్యంగా, నువ్వు కూడా ఒక చిన్న కడ్డీకి పట్టు గుడ్డ పేలిక చుట్టిన తీగను చుట్టి చూడు. ఒక పొర ఎంత లావెక్కుతుందో, ఎంత చోటు తినేస్తుందో, ఎక్కడ చిరిగి తీగలు ఒకదానికొకటి తగులుతాయో చూసి రాయి. ఎమిలీ శ్రమను గౌరవించడానికి అంతకు మించిన దారి నాకు కనబడదు.

బ్యాటరీ విషయంలోనూ ఇంతే. గోడ ప్లగ్గుకు తగిలించిన పవర్ సప్లై మీద నీ మోటారు గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది. 1834లో ప్రవాహాన్ని నిలకడగా ఇచ్చే డేనియల్ ఘటం (ఒక రకం బ్యాటరీ) ఇంకా రాలేదు, అది 1836 నాటిది. పలచని ఆమ్లంలో జింకు, రాగి పలకలు ముంచితే కాసేపటికే రాగి మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని ప్రవాహం నీరసిస్తుంది. వ్యాసంలో ఒక్క పేరాకైనా నీ మోటారును అలాంటి ఘటాలతో నడిపించి, వేగం ఎలా పడిపోయిందో గమనించి రాయి. నడపడానికి ముందు, తరువాత జింకు పలకను తూకం వెయ్యి. ఒక ఆంపియర్ ప్రవాహం గంటసేపు సాగితే ఘటానికి సుమారు 1.2 గ్రాముల జింకు కరగాలి. అంతకంటే ఎక్కువ కరిగితే ఆ మిగిలినది ఏ పనీ చేయకుండా ఆమ్లం పాలైందన్నమాట. డావెన్‌పోర్ట్ 1837 ఫిబ్రవరి 25న పేటెంటు పొంది, 1840లో తన మోటారుతోనే ప్రెస్సు నడిపి పత్రిక అచ్చువేసి కూడా ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడన్న ప్రశ్నకు చాలామేరకు జవాబు ఆ తూకంలోనే దొరుకుతుంది. ఆవిరి యంత్రం తినే బొగ్గుతో పోలిస్తే ఈ జింకు ఖర్చు భరించలేనిది. నువ్వు దీన్ని 'ప్రపంచం ఆయనను గుర్తించలేదు' అన్న ఒక్క వాక్యంతో తేల్చేశావు. అది ఆయనకు న్యాయం చేసే వాక్యం కాదు.

ప్రవాహాన్ని కొలిచే అమ్మీటరు నీ దగ్గర ఉంది కనుక ఇంకో ప్రయోగం కూడా చెయ్యి. చక్రం తిరుగుతున్నప్పుడు ప్రవాహం ఎంతుందో చూసి, వేలితో పట్టి ఆపి మళ్లీ చూడు. ఆపినప్పుడే ఎక్కువ ఉంటుంది. తిరిగే చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి ఆగగానే పోతుంది కాబట్టి అలా జరుగుతుంది. బోరు మోటారు జామ్ అయితే వైండింగ్ కాలిపోతుందని మన రైతులకు అనుభవంలో ఉన్నదే. కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ పేరా చాలా దగ్గరగా తోస్తుంది.

'ప్రపంచంలో మొట్టమొదటి మోటారు' అన్న నీ శీర్షికను మాత్రం మార్చు. 1821లో లండన్‌లో ఫారడే పాదరసంలో తీగను తిప్పాడు, 1831లో హెన్రీ విద్యుదయస్కాంతంతో అటూ ఇటూ ఊగే దూలాన్ని చేశాడు, 1832లో స్టర్జన్ కామ్యుటేటర్‌తో తిప్పాడు, 1834లోనే నాటి ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో యాకోబీ తన మోటారు నడిపాడు. డావెన్‌పోర్ట్‌ను అమెరికాలో విద్యుత్ మోటారుకు పేటెంటు పొందిన తొలి వ్యక్తిగా పరిచయం చెయ్యి, చాలు.

బడిపిల్లలు చదివి చేసి చూస్తారు గనుక, నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలపాలే తప్ప ఆమ్లంలో నీళ్లు పోయరాదని, కళ్లద్దాలు తప్పనిసరి అని, పాదరసం జోలికి పోవద్దని ఘటాల పేరాలోనే రాయి. చివర్లో విడిగా పెడితే చాలామంది అక్కడిదాకా రారు. తూకం లెక్కలు రాగానే ఆ పేరాలు తిరగరాసి నాకు పంపించు.

ఆశీస్సులతో.