నెలకు 300 ఫీజు కట్టే ప్రీమియం ఖాతా లాభమేనా?

భీమవరం నుంచి అడిగారు: నెలకు 300 రూపాయల ఫీజు, బదులుగా ఉచిత నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి), ప్రమాద బీమా, ఎయిర్‌పోర్ట్ లాంజ్ (విమానాశ్రయంలో విశ్రాంతి గది), లాకర్ అద్దెలో రాయితీ. తీసుకోవచ్చా?

18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 354, ఏడాదికి 4,248 రూపాయలు. ఇక ఒక్కో సౌకర్యం విడిగా ఎంతకొస్తుందో చూడండి. పొదుపు ఖాతాకు ఆన్‌లైన్ నెఫ్ట్ 2020 జనవరి నుంచే ఉచితం, దానికి విలువ కట్టొద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఉంది. బ్యాంకు చెప్పే మొత్తం ఇంకా పెద్దదే కావచ్చు. కానీ ప్రమాదానికి ముందు కొన్ని రోజుల్లో కార్డు వాడి ఉండాలన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోతే కష్టకాలంలో క్లెయిమ్ చేతికి రాదు. దయచేసి బీమా షరతుల కాగితం చదివి, ఇంట్లో కూడా చెప్పండి. లాంజ్ అంటారా, ఎప్పుడో ఓసారి గన్నవరం వెళ్లి విమానం ఎక్కేవారికి దండగ.

లాకర్ రాయితీ నిజంగా పనికొచ్చేదే, మీ బ్రాంచిలో లాకర్ ఖాళీ ఉంటే.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారుల్లా, రొయ్యల కొనుగోలుదారుల్లా తరచూ నగదు జమ చేసేవారైతే లెక్క మారుతుంది. అప్పుడు కరెంట్ ఖాతాల్లో (వ్యాపారులకు ఇచ్చే ఖాతాలు) ఉచిత జమ పరిమితి పోల్చండి. అక్కడ ఆదా అయ్యే చార్జీలే ఫీజును దాటిపోవచ్చు.