ఆస్టర్ పూలు కార్తీకానికి అందాలంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంటి ముందు రెండు సెంట్ల ఎర్రనేలలో నిరుడు చైనా ఆస్టర్ వేశాం. మొగ్గ మీద ఉండగా చాలా మొక్కలు ముందు ఒకవైపు వాడి, తర్వాత మొత్తం ఎండిపోయాయి. బతికినవి ఒక విడత పూసి ఆగిపోయాయి. ఫోన్‌లో చూస్తే విదేశాల్లో అవే మొక్కలు ఏటా పూస్తున్నాయి. ఈసారి కార్తీకమంతా పూలుండాలంటే ఏం చేయాలి? నిరుటి విత్తనం దాచి ఉంచాం.
– ఒక రైతు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీరు ఫోన్‌లో చూసింది వేరే మొక్క. చలిదేశాల్లో శరత్తులో పూసే ఆస్టర్ దుబ్బు నేలలోనే ఉండిపోయి, ఏటా పిలకలు వేస్తుంది. మీరు వేసింది చైనా ఆస్టర్. అది ఒక విడత పూసి అయిపోతుంది. ఎరువు ఎంత వేసినా రెండో విడత ఆశించొద్దు. నెలంతా పూలు కావాలంటే విత్తనం విడతలుగా పోసుకోవాలి, అంతే.

విత్తిన మూడున్నర నుంచి నాలుగు నెలలకు పూత వస్తుంది. ఇప్పుడు ఆషాఢం కదా, మొదటి నారు ఈ వారమే పోయండి. తర్వాత పదిహేను రోజులకొకటి చొప్పున ఇంకో రెండు విడతలు. మీ ఊళ్లో ఒడియా వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది కాబట్టి తొలి విడత పూలు వాళ్ల పూజకే అందొచ్చు.

మూడో విడత మాత్రం కుండీల్లోనో సంచుల్లోనో పెంచండి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు మూడూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. తిత్లీ మీ జిల్లాను ఎంత దెబ్బ తీసిందో మీకు చెప్పక్కర్లేదు. సరిగ్గా మొగ్గ తొడిగే సమయమది. తుపాను కబురు రాగానే కుండీలను అరుగు మీదికి చేర్చేయొచ్చు. నేలలో ఉన్నవాటికి సెప్టెంబరులోనే కర్రలు పాతి కట్టండి.

ఇక అసలు బెడద ఎండు తెగులు. చచ్చిన మొక్క కాండం చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చారలు కనిపించి ఉండాలి. ఇది ఫ్యుజేరియం శిలీంధ్రం పని. నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మందు పోసి అదే మడిలో మళ్లీ ఆస్టర్ వేద్దామంటే నేను ఒప్పుకోను. ఆ మడిలో బంతి వేసుకోండి, ఆస్టర్‌ని నీరు నిలవని వేరే చోట ఎత్తు మడుల మీద నాటండి. వంద కిలోల మాగిన పశువుల ఎరువులో కిలో ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం పొడి) కలిపి, తడి ఆరకుండా నీడలో పదిహేను రోజులు ఉంచి, మడిలో చల్లండి. ఎర్రనేలలు చాలాచోట్ల ఆమ్ల గుణంతో ఉంటాయి, ఆస్టర్‌కి అది పడదు. భూసార పరీక్షలో అలా తేలితే సున్నం వేయాలి.

నిరుటి విత్తనం పారేయండి. ఆస్టర్ విత్తనం మొలకశక్తి త్వరగా పోతుంది, పైగా తెగులు సోకిన తోటది. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రకాల్లో గులాబీ రంగుకి కామిని, తెలుపుకి పూర్ణిమ, ఊదాకి వయొలెట్ కుషన్ ఉన్నాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఫూలే గణేశ్ రకాలూ బాగుంటాయి.

నెల నారు, నాలుగైదు ఆకులున్నది, అడుగుకొకటి చొప్పున సాయంత్రం పూట నాటండి. వేళ్లు పైపైనే ఉంటాయి కనుక లోతుగా తవ్వి కలుపు తీయొద్దు. తల తుంచితే కొమ్మలు ఎక్కువ వస్తాయి గానీ పూత కొంత వెనకబడుతుంది. మొదటి విడతకు తుంచకండి.

కొత్త మడిలోనూ ఒక మొక్క ఒకవైపు వాడితే ఆలస్యం చేయకుండా వేళ్ల మట్టితో సహా పీకి కాల్చేయండి. పెంటకుప్పలో మాత్రం వేయొద్దు. చుట్టుపక్కల మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు కలిపి పోయండి. పోసిన చోట కొన్నాళ్లు ట్రైకోడెర్మా వేయొద్దు, మందుకి అది కూడా చస్తుంది.