యుద్ధంలో ప్రైవేటు మోటారు బోట్లు అమెరికా నేవీకి ఎలా పనికొచ్చాయి?

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి ఆ దేశ తీరాన్ని కాయడానికి తగినన్ని చిన్న ఓడలు లేవు. ఉన్న డిస్ట్రాయర్లను (వేగంగా వెళ్లే యుద్ధనౌకలను) ఏప్రిల్ చివరి నుంచే ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్‌కు పంపుతున్నారు. అందుకే నేవీ ప్రైవేటు బోట్లు తీసుకుంది. కొన్నిటిని కొన్నది, కొన్నిటిని అద్దెకు తెచ్చుకుంది, కొందరు యజమానులు ఉచితంగానే ఇచ్చారు. కొందరైతే నేవల్ రిజర్వ్‌లో చేరి తమ బోటుకు తామే కమాండర్లయ్యారు.

షికారు బోటుకు బూడిద రంగు పూసి, ముందు భాగాన ‘ఎస్‌పీ’ అక్షరాలతో నంబరు రాసేవారు. ఎస్‌పీ అంటే సెక్షన్ పాట్రోల్, అంటే తీరంలో ఒక్కో భాగాన్ని కాసే గస్తీ. సాధారణంగా ఒక చిన్న ఫిరంగి, ఒకటో రెండో మెషిన్ గన్లు, అంతే. ఫిరంగి పేలినప్పుడు తగిలే దెబ్బకు తట్టుకునేలా డెక్‌ను కింద నుంచి గట్టిపరచాల్సి వచ్చేది.

వీటితో సబ్‌మెరైన్‌ను ముంచడం దాదాపు అసాధ్యం. నా దృష్టిలో వీటి అసలు విలువ రేవుల కాపలాలో, వచ్చీపోయే ఓడల తనిఖీలో ఉంది. పెద్ద యాట్‌లు (విలాస నౌకలు) మాత్రం యూరప్ దాకా వెళ్లాయి. వాటిలో ‘అల్సెడో’ను 1917 నవంబర్ 5న ఫ్రాన్స్ తీరం దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. 21 మంది చనిపోయారు. మిగిలిన అద్దె బోట్లలో చాలావాటిని యుద్ధం అయ్యాక యజమానులకు తిరిగి ఇచ్చేశారు.