గ్వాదలూపే మాతకు రన్నింగ్ షూసా?

మెక్సికన్-అమెరికన్ చిత్రకారిణి యోలాండా లోపెజ్ 1978లో గీసిన బొమ్మలో గ్వాదలూపే మాత (మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపం) షూస్ వేసుకుని ఎందుకు పరిగెడుతోందని అడిగారు.

మాత రూపంలో ఆ పరిగెత్తేది లోపెజే. 1966లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీలు డెలానో నుంచి శాక్రమెంటోకు పాదయాత్ర చేసినప్పుడు ఈ తల్లి బొమ్మనే పట్టుకుని నడిచారు. అలా ఆమె చికానో ఉద్యమానికి, అంటే మెక్సికన్-అమెరికన్ల హక్కుల పోరాటానికి, గుర్తయింది. కానీ పాత పటంలో ఆమె తల వంచుకుని, నెలవంక మీద కదలకుండా నిలబడి ఉంటుంది. ఆడవాళ్లూ అలాగే ఉండాలని ఉద్యమంలోని చాలామంది మగవాళ్లు అనుకున్నారు. అందుకే లోపెజ్ చేత్తో పామును పట్టుకుని నెలవంక మీది నుంచి దూకేసింది.

నాకు మాత్రం అదే వరుసలో లోపెజ్ గీసిన పక్క బొమ్మే ఎక్కువ ఇష్టం. అందులో, కుట్టుపని చేసి బతికిన లోపెజ్ వాళ్లమ్మ, కళ్లజోడు పెట్టుకుని, దేవత నక్షత్రాల వస్త్రాన్ని మిషన్ మీద తనే కుడుతుంటుంది. ఆమె వెనక కూడా మాత పటంలోని దివ్య కిరణాలే. ఓ కష్టజీవిని అక్కడ కూర్చోబెట్టడం పరుగు కన్నా పెద్ద రాజకీయం.