పొడి పేరు కాదు, బ్లాస్టింగ్ ఎవరు చేశారో అడగండి

బాయిలర్ ట్యూబులకు నికెల్-క్రోమియం పొడిని కరిగించి స్ప్రే చేయిస్తే ఏడాది తిరక్కుండానే పెచ్చులూడుతోందనీ, ఇంతకంటే మంచి కోటింగ్ చెప్పమనీ అడిగారు. నన్నడిగితే, కోటింగ్ మార్చినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు. స్ప్రే చేసిన పొర ట్యూబు గరుకును కరుచుకుని నిలబడుతుందే తప్ప వెల్డింగులా లోహంలో కలిసిపోదు. ఆ గరుకు తెచ్చేది బ్లాస్టింగ్, అంటే గ్రిట్ అనే పదునైన గట్టి రవ్వలను గాలి ఒత్తిడితో ట్యూబు మీద కొట్టడం. గరుకు లేకపోతే ఎంత ఖరీదైన పొడయినా దండగే.

నేను ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నప్పుడు ఒక షట్‌డౌన్‌లో, అప్పుడే కోటింగ్ పూర్తయిన వాటర్‌వాల్ (నీటి ట్యూబులతో కట్టిన ఫర్నేసు గోడ) చూడటానికి ఫర్నేసులోకి దిగాను. పొర అంచున స్క్రూడ్రైవర్ మొన ఆనించానో లేదో, అరచేతంత పెచ్చు ఊడొచ్చింది. వెనక్కి తిప్పితే అద్దంలా నున్నగా ఉంది. ట్యూబు మీద ఎర్రటి తుప్పు. ట్యూబూ, పక్క ట్యూబుతో దాన్ని కలిపే ఫిన్ అనే ఉక్కు పట్టీ కలిసే మూలల్లో గ్రిట్ తగిలిన జాడే లేదు, పాత తుప్పు పొక్కు అలాగే ఉంది. రాత్రి షిఫ్టు వాళ్లు బ్లాస్టింగ్ ముగించి వెళ్లిపోయారట, స్ప్రే వాళ్లు తెల్లారాక వచ్చారట. ఈలోగా చెమ్మ పట్టేసింది. రిపోర్టులో మాత్రం మందం 400 మైక్రాన్లు, ఓకే! మందం కొలిచే మీటరుకు అతుకు సంగతేం తెలుసు? తక్కువ కొటేషన్‌కే పని కట్టబెట్టే పర్చేజ్ వాళ్లకు అంతకన్నా తెలియదు. అరిగి పిండైన గ్రిట్‌నే మళ్లీ మళ్లీ కొట్టినా అడిగే నాథుడుండడు.

ఇంధనాన్ని బట్టి పొర మారాల్సిందే, కాదనను. ఫర్నేస్ ఆయిల్ బూడిదలోని వెనేడియం పెంటాక్సైడ్ 700 డిగ్రీల లోపే కరిగి, లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను కరిగించేస్తుంది. అందుకే అక్కడ క్రోమియం 50 శాతం దాకా ఉన్న మిశ్రమాలు వాడతారు. చెత్త కాల్చే బాయిలర్లలో క్లోరిన్ స్ప్రే పొరలోని సన్న రంధ్రాల్లోంచి దూరి కింద ట్యూబును తినేస్తుంది. అలాంటిచోట ఇంకోనెల్ 625 అనే నికెల్ మిశ్రమంతో వెల్డ్ ఓవర్‌లే (వెల్డింగుతోనే పొర వేయడం) చేయించడమే మేలు. ‘గాల్వనైజింగ్ (జింకు పూత) చేయిస్తే పోలా’ అనే మేధావులు ప్రతి ప్లాంటులోనూ ఉంటారు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది మహాప్రభో!

వచ్చే కాంట్రాక్టులో ఎస్‌ఏ 2.5 (లోహం దాదాపు తెల్లగా తేలేంత శుభ్రత) బ్లాస్టింగ్, ఆ షిఫ్టులోనే స్ప్రే, పొరను లాగి చూసే పుల్ ఆఫ్ టెస్టు రాయించండి. ఆ టెస్టుకు వాడే నమూనా ముక్కకు బ్లాస్టింగ్, స్ప్రే రెండూ మీ ట్యూబుల పక్కనే, మీ మనిషి ఎదుటే జరగాలి. ముందే తయారుచేసిన షోకేసు ముక్క పట్టుకొస్తే తిప్పి పంపండి.